షార్క్ అద్దానికి గుద్దుకుంటోంది, మూతి పుండైంది: సమాధానం

మూడడుగుల అక్వేరియంలో పెంచుతున్న అడుగు పొడవు షార్క్ అద్దానికి గుద్దుకుని మూతి పుండు చేసుకుంది, మందులు వేస్తున్నాం, ఏం జబ్బు అని అడిగారు. ఇది జబ్బు కాదు, చోటు చాలకే. షాపుల్లో షార్క్ అని అమ్మేది పంగాసియస్, మన ఆక్వా చెరువుల్లో పెంచే చేపే. మీటరు దాటి పెరుగుతుంది. మీ మూడడుగుల ట్యాంకులో అడుగు చేప సరిగ్గా తిరగనైనా లేదు. పైగా గుంపులో బతికే జాతి, ఒంటరిగా ఉంటే ఊరికే బెదురుతుంది.

1. మందులు ఆపండి. మూడో వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ తీసేశాకే పోయండి. నీళ్లు శుభ్రంగా ఉంటే పుండు చాలావరకు దానంతటదే మానుతుంది.

2. చాలామంది వదిలేసేది లైటు సంగతి. చీకటి గదిలో ట్యాంకు లైటు ఒక్కసారిగా వేస్తే బెదిరి అద్దానికి కొట్టుకుంటుంది. ముందు గది లైటు వేయండి. పావుగంట ఆగి ట్యాంకు లైటు. రాత్రి ముందు ట్యాంకు లైటు ఆర్పి, కాసేపాగి గది లైటు తీయండి. మూడు వైపులా బయట నల్ల కాగితం అంటించండి. మూత మీద బరువు పెట్టండి, లేకపోతే ఎగిరి బయట పడుతుంది.

3. నీళ్లలో అమోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) ఎంతుందో టెస్ట్ చేయండి, సున్నా రావాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాదు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే కడగండి.

4. ఇవన్నీ తాత్కాలికమే. దాన్ని సొంత చేపల చెరువు ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఊరి చెరువులోనో కాలువలోనో మాత్రం దయచేసి వదలొద్దు. అక్వేరియం చేపగా వచ్చిన సక్కర్ ఫిష్ ఇప్పుడు కృష్ణలో జాలర్ల వలలు చింపుతోంది.