నాన్నగారు కావాలని తడుపుకోవడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. నాలుగేళ్లుగా డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు). రెండు నెలల నుంచి పైజమాలోనే మూత్రం పోసుకుంటున్నారు. ఒక్కోసారి బాల్కనీలో పూలకుండీ దగ్గర పోస్తున్నారు. నీళ్లు తగ్గించినా లాభం లేదు. డైపర్ వేస్తే లాగి పారేస్తున్నారు. మూత్రం ఆగడానికి మాత్రలున్నాయా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు నీళ్లు తగ్గించడం మానండి. నీళ్లు చాలకపోతే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మలబద్ధకమైతే గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి సమస్య ఇంకా ముదురుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు వద్దంటే తప్ప, పగలంతా కొద్దికొద్దిగా తాగించండి. పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు. సాయంత్రం చాయ్ మానిపించండి.

కుండీ దగ్గర పోస్తున్నారంటే మూత్రం వస్తోందని ఆయనకు తెలుస్తోంది. బాత్రూం ఎక్కడుందో తెలియడం లేదు. మూసి ఉన్న తలుపులన్నీ ఆయనకు ఒకేలా కనిపిస్తాయి. బాత్రూం తలుపు తీసి, రాత్రంతా లైటు వేసి ఉంచండి. పైజమా నాడా సంగతీ చూడండి. ఆ ముడితో వేళ్లు కుస్తీ పడుతుండగానే బట్టలు తడిసిపోతాయి. ఎలాస్టిక్ పైజమా గానీ లుంగీ గానీ కట్టండి.

ఏయే వేళల్లో తడుపుకుంటున్నారో మూడు రోజులు రాసిపెట్టండి. ఆ వేళకు కాస్త ముందే తీసుకెళ్లండి. చాలామందికి రెండు మూడు గంటలకోసారి సరిపోతుంది. "వస్తోందా?" అని అడిగితే లేదనే అంటారు. "రండి నాన్నా, వెళ్లొద్దాం" అని చేయి పట్టుకోండి. ఊరికే లేచి కూర్చుంటున్నా, పైజమా పట్టుకుని లాగుతున్నా మూత్రం వస్తోందనడానికి అదే గుర్తు.

మాత్రల విషయంలో తొందరపడకండి. ప్రొస్టేట్ (మగవారికి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగి, మూత్రాశయం నిండి పొంగినా ఇలాగే కారుతుంది. అప్పుడు ఆపే మాత్ర వేస్తే మూత్రం పూర్తిగా బిగుసుకుపోవచ్చు. ఆక్సీబ్యుటినిన్ వంటి మూత్రం ఆపే మాత్రలు అయోమయాన్ని కూడా పెంచుతాయి. జలుబుకు వాడే కొన్ని మాత్రలదీ ఇదే తీరు. అందుకే మొదట మూత్ర పరీక్ష, షుగర్, మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో చూసే స్కానింగ్ చేయించండి. వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. జ్వరం వచ్చినా, ఒక్కసారిగా అయోమయం పెరిగినా, మూత్రం రాక పొట్ట ఉబ్బినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

డైపర్ రాత్రికి మాత్రమే, అదీ లోదుస్తులా తొడిగే రకం వాడి చూడండి. తడవగానే మార్చి, కడిగి, తడి లేకుండా అద్ది వాజెలిన్ రాయండి.

రాత్రుళ్లు మీరొక్కరే లేస్తున్నట్లయితే అన్నదమ్ములతో వంతులు వేసుకోండి. పెద్దల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్ లైన్ 14567కు కూడా ఫోను చేయవచ్చు, ఉచితం.