మా అమ్మాయి బల్ల అమ్మేశాను, మూడు వారాలుగా నాతో మాట్లాడటం లేదు

ప్రశ్న: నాది చిన్న ఊళ్లో పాత వస్తువుల వ్యాపారం. పదిహేడేళ్లుగా ఇదే పని. పాత కుర్చీలు, అద్దాలు, గడియారాలు కొని, బాగుచేసి అమ్ముతుంటాను. షాపు ఇరుకు కాబట్టి సగం సరుకు ఇంట్లోనే ఉంటుంది. పోయిన నెల ఒకాయన ఇంటికి వచ్చి, మా పన్నెండేళ్ల అమ్మాయి చదువుకునే బల్ల చూసి మంచి రేటు చెప్పాడు. ఆ నెల బేరాలు అసలు లేవు. ఇచ్చేశాను. నాలుగేళ్ల కింద మా అమ్మాయి ఆ బల్ల సొరుగు లోపల కాంపస్ మొనతో తన పేరు చెక్కుకుంది. ఆయన అది చూసి మొహం చిట్లిస్తే, "పాలిష్ పడితే పోతుందిలెండి" అన్నాను. అప్పుడే స్కూల్ నుంచి వచ్చిన అమ్మాయి ఆ మాట వింది. అంతకన్నా మంచి బల్ల, కొత్తది కొనిచ్చాను. దాని దగ్గర కూర్చోదు, నాతో మాట్లాడదు. మా ఆవిడేమో "మంచి బేరం వస్తే మమ్మల్నీ అమ్మేస్తారు" అంటోంది. ఏడేళ్ల బాబు ఒక్కడే ఎప్పట్లాగే ఉన్నాడు. వెనక వసారాలో నేను పాత రంగు గీకుతుంటే పక్కనే కూర్చుని కబుర్లు చెబుతాడు. ఈ వ్యాపారంతోనే కదా ఇల్లు గడుస్తోంది? నేను చేసింది అంత పెద్ద తప్పా?

జవాబు: తప్పేనండి. బల్ల అమ్మడం ఒక తప్పు. ఆ పాలిష్ మాట ఇంకా పెద్ద తప్పు.

మీ బాబు గురించి ముందు ఒక మాట చెప్పాలి, అది ఆగే విషయం కాదు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో ఆ కట్టడి ఇంకా చాలా ఆలస్యంగా వచ్చింది, కాబట్టి రంగు వేసిన పాత వస్తువు ఏదైనా అనుమానించాల్సిందే. గీకినా, ఉప్పుకాగితంతో రుద్దినా ఆ దుమ్ము పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతుంది. రక్తంలో ఇంత సీసం ఉన్నా పర్వాలేదు అని చెప్పగలిగే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. ఆ పని ఈరోజే ఇంట్లోంచి తీసేయండి. పని బట్టలతో ఇంట్లోకి రావద్దు. డాక్టర్‌కి సంగతి చెప్పి బాబుకి రక్తపరీక్ష చేయించండి. పాదరసం పూసిన పాత అద్దాలు ఉంటే వాటినీ పిల్లల గదిలో పెట్టకండి.

ఇక అమ్మాయి సంగతి. 1990లో కానమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. కొంతమంది విద్యార్థుల చేతికి ఉచితంగా కాఫీ కప్పులిచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. కప్పు రానివాళ్లు పెడతామన్న ధరకి సుమారు రెట్టింపు అడిగారట. అది కాసేపటి క్రితం చేతికొచ్చిన మామూలు కప్పు. మీ అమ్మాయిది నాలుగేళ్ల బల్ల.

మీకు పనికొచ్చేది దీని తర్వాతి కథ. జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్త ఆటగాళ్ల బొమ్మలుండే కార్డులు కొని అమ్మేవాళ్లని పరిశీలించి 2003లో ఒక సంగతి బయటపెట్టాడు. ఆ వ్యాపారంలో బాగా ఆరితేరినవాళ్లలో ఈ 'నాది' అనే పట్టు పెద్దగా కనిపించలేదు. కొనడం, చేతులు మార్చడం అలవాటైపోతే వదులుకోవడం నొప్పిగా ఉండదన్నమాట. మీరు పదిహేడేళ్లు ఆ అలవాటులో ఉన్నారు. అది లేకపోతే ఈ వ్యాపారం చేయలేరు కూడా. ప్రతి కుర్చీ మీదా మమకారం పెంచుకునే వ్యాపారి మ్యూజియం పెట్టుకోవాలి తప్ప షాపు నడపలేడు. చిక్కల్లా మీ మనసు మొద్దుబారిన చోట మీవాళ్ల మనసు మొద్దుబారలేదు. వాళ్లకి ఎంత నొప్పి ఉంటుందో మీ నొప్పిని బట్టి లెక్క కట్టారు, లెక్క తప్పింది.

మీ ఆవిడ మాట కూడా ఎత్తిపొడుపని కొట్టిపారేయకండి. బయటివాడు ఎవరైనా వచ్చి వేలు చూపిస్తే కదిలిపోయే వస్తువుల మధ్య ఆవిడ ఇన్నేళ్లుగా కాపురం చేస్తోంది. నిన్న బట్టలు సర్దిన బీరువా రేపు ఉంటుందో లేదో తెలియదు. దాన్ని ఇల్లు అనాలా, గోడౌన్ అనాలా?

అమ్మాయి దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది చాలా చిన్నది. "అది నీ బల్ల. నిన్ను అడగకుండా అమ్మాను. నీ పేరు చెరిపేయొచ్చని చెప్పాను. తప్పు చేశాను." అంతే. "ఆ నెల బేరాలు లేవు కాబట్టి" అన్న తోక తగిలించకండి. నిజమే అయినా సరే, క్షమాపణలో దానికి చోటు లేదు. విని లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. బుజ్జగించడానికి వెంటపడొద్దు. పన్నెండేళ్ల పిల్లకి కోపం తగ్గించుకునే టైం తనది.

కొన్నాయనకి ఫోన్ చేయండి. పాలిష్ పట్టించకపోతే ఆపమనండి, తిరిగి ఇస్తాడేమో అడగండి. నష్టానికైనా సరే. కానీ ఆయన ఒప్పుకునేదాకా అమ్మాయికి ఆశ పెట్టొద్దు. ఇవ్వనంటే ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఇస్తానంటే, సర్‌ప్రైజ్ అంటూ తెచ్చి గదిలో పెట్టకుండా, కావాలా వద్దా అని తననే అడగండి.

తర్వాత ఒక సాయంత్రం నలుగురూ కూర్చుని ఇంట్లో ఏవి సరుకు, ఏవి మనవి అని తేల్చుకోండి. మనవి ఏవో వాళ్లు ముగ్గురూ చెప్పాలి, మీరు రాసుకోవాలి. మధ్యలో "అది మంచి పీసు, దానికి గిరాకీ ఉంది" అనకూడదు. (అనాలనిపిస్తుంది, నాకు తెలుసు.) సరుకంతా ఒక గదిలోకి చేర్చి తలుపు వేయండి. కొనేవాళ్లు ఆ గది దాటి లోపలికి రాకూడదు.

బేరాలు లేని నెల అన్నారు కదా, ఆ సంగతి మీ ఆవిడకి తెలుసా? మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. చేతిలో ఎంత ఉంది, అప్పు ఎంత, ఏ సరుకు ఎన్నాళ్లుగా కదలట్లేదు, ఖాతా పుస్తకం ఆవిడ ముందు పెట్టండి. టెన్షన్ ఒక్కరే మోస్తున్నప్పుడు మనిషికి కంటి ముందున్న బల్ల కూడా డబ్బులాగే కనిపిస్తుంది. కదలని సరుకుని మీరు పొదుపు అనుకుంటూ ఉండొచ్చు. అమ్ముడుపోయేదాకా అది ఇరుక్కుపోయిన పెట్టుబడే.

ఇక ఆ కొత్త బల్ల. అమ్మాయి ఎలాగూ వాడట్లేదని షాపుకి తీసుకెళ్లాలని మీకు అనిపించవచ్చు. ముందు తనని అడగండి.