నాలుగు టోర్నీల కోసం ఏడాదంతా చందా కట్టాలా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. పద్నాలుగేళ్ల మా అమ్మాయి టెన్నిస్ నేర్చుకుంటోంది. పెద్ద మ్యాచ్‌లన్నీ ఇద్దరం కలిసి చూస్తాం. సోనీలివ్‌కు ఏడాదికి 1,499 రూపాయలు, జియోహాట్‌స్టార్ ప్రీమియంకు మరో 1,499 కట్టాను. మా నాన్నగారి క్రికెట్ కోసం డీటీహెచ్‌లో స్పోర్ట్స్ ప్యాక్‌కు నెలకు 120 అవుతోంది. ఇప్పుడు అమ్మాయి టెన్నిస్ టీవీ కూడా కావాలంటోంది. వెయ్యి రూపాయలకే అన్ని ఛానెళ్లూ వచ్చే యాప్ ఉందని తోటి ఉపాధ్యాయుడొకరు చెబుతున్నారు. చట్టబద్ధంగా, తక్కువలో చూసే దారేది?

జవాబు: మాస్టారు గారూ, మీ లెక్క కూడితే ఏడాదికి 4,438 రూపాయలు. మీ జీతానికి ఇది భారమని నేననను. అయితే ఇందులో సగం దాకా మీరు చూడని రోజులకు కడుతున్న సొమ్ము. క్రికెట్‌లా టెన్నిస్ ఏడాది పొడవునా మన టీవీలో ఉండే ఆట కాదు. మీరు చూసేది ప్రధానంగా గ్రాండ్‌స్లామ్‌లనే నాలుగు పెద్ద టోర్నీలు, ఒక్కొక్కటి సుమారు రెండు వారాలు. అంటే మొత్తం రెండు నెలల ఆట కోసం పన్నెండు నెలల చందా రెండు చోట్ల కడుతున్నారు.

2025లో మన దేశంలో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్ సోనీలో వచ్చాయి, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ స్టార్ స్పోర్ట్స్‌లోనూ జియోహాట్‌స్టార్‌లోనూ వచ్చాయి. యూఎస్ ఓపెన్ అంతకు ముందు ఏడాది, అంటే 2024లో, సోనీ దగ్గరే ఉండేది. ప్రసార హక్కులు ఇలా చేతులు మారుతుంటాయి కాబట్టి, ఫలానా టోర్నీ కోసమని ముందుగానే ఏడాది చందా కట్టినవారు ఆ టోర్నీ వేరే చోటికి వెళ్లిపోతే చేసేదేమీ ఉండదు. టోర్నీ మొదలయ్యే వారంలో, అది ఎక్కడ వస్తుందో చూసుకున్నాకే డబ్బు కట్టడం మేలు.

సోనీలివ్ నెల చందా 399 అనుకుంటే, జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు ఒక నెల, మే చివర మొదలయ్యే ఫ్రెంచ్ ఓపెన్‌కు ఒక నెల, కలిపి 798. నెల లెక్క కట్టిన రోజు నుంచి నడుస్తుంది కాబట్టి ఫ్రెంచ్ ఓపెన్ జూన్‌లోకి జరిగినా ఇబ్బంది లేదు. జియోహాట్‌స్టార్ విషయంలో చిన్న కిటుకు ఉంది. వింబుల్డన్ జూన్ ఆఖరులోనో జులై మొదట్లోనో మొదలవుతుంది, యూఎస్ ఓపెన్ సెప్టెంబరు మధ్యలోపే ముగుస్తుంది. వింబుల్డన్ తొలిరోజున మూడు నెలల ప్లాన్ తీసుకుంటే రెండు టోర్నీలూ అందులోనే అయిపోతాయి. 2025 ఫిబ్రవరిలో ఆ యాప్ మొదలైనప్పుడు, టీవీలో కూడా చూడగలిగే సూపర్ ప్లాన్ మూడు నెలలకు 299 ఉండేది. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున సరిచూసుకోండి. ప్రకటనలు రావని ప్రీమియం తీసుకున్నట్లున్నారు, కానీ ప్రత్యక్ష క్రీడా ప్రసారాల్లో ప్రీమియంలోనూ ప్రకటనలు తప్పవు.

ఈ లెక్కన యాప్‌లకు అయ్యేది 1,100 లోపు. నాన్నగారి ప్యాక్‌ను కదపకండి, ఇంట్లో పెద్దవారి క్రికెట్ ఆపి పొదుపు చేయమనే సలహా నేనివ్వను. అది కలుపుకున్నా మొత్తం 2,540 దాటదు. ఇంకో మాట, మీ మొబైల్ రీచార్జి లేదా బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ వివరాలు ఒకసారి తెరిచి చూడండి. చాలా ప్లాన్లలో ఈ యాప్‌లలో ఏదో ఒకటి కలిపే ఇస్తారు. ఉన్నదానికే రెండోసారి కట్టేవాళ్లు నా దగ్గరకు తరచూ వస్తుంటారు.

అమ్మాయి అడిగిన టెన్నిస్ టీవీ, పురుషుల టెన్నిస్ టూర్‌ను నడిపే ఏటీపీ వారి అధికారిక ప్రసార సేవ. అందులో గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి అయిన మాస్టర్స్ 1000 మొదలుకొని పురుషుల టోర్నీలు వస్తాయి, గ్రాండ్‌స్లామ్‌లు రావు, మహిళల టూర్ మ్యాచ్‌లు రావు. తను ఇష్టపడేది మహిళల ఆటలోని స్వియాటెక్‌నో సబలెంకానో అయితే డబ్బు కట్టాక నిరాశ పడుతుంది, కాబట్టి ముందు ఆ సంగతి అడగండి. పురుషుల ఆటలోని అల్కరాజ్, సిన్నర్ కోసమే అయితే ఒక్క నెలకు తీసుకుని చూడవచ్చు. ధర విదేశీ కరెన్సీలో ఉంటే కార్డు బ్యాంకు మార్పిడి రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా పడతాయని గుర్తుంచుకోండి.

ఉచితంగా, పూర్తిగా చట్టబద్ధంగా చూడగలిగేవీ ఉన్నాయి. పెద్ద టూర్‌కు కింది స్థాయి అయిన ఏటీపీ ఛాలెంజర్ మ్యాచ్‌లు ఏటీపీ సైట్‌లో, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) టూర్‌లోని చాలా మ్యాచ్‌లు ఐటీఎఫ్ సైట్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. మన హైదరాబాద్ అమ్మాయిలు సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి ఆడుతూ పైకొచ్చినది ఈ ఐటీఎఫ్ టోర్నీల్లోనే. ఆట నేర్చుకునే పిల్లకు, కోర్టు వెనుక బిగించిన ఒకే కెమెరా నుంచి కనిపించే ఆ మ్యాచ్‌లో అడుగులు ఎలా వేస్తున్నారో టీవీ హంగుల కన్నా బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

వెయ్యి రూపాయల యాప్ జోలికి వెళ్లవద్దు. హక్కులు లేని ప్రసారం కావడం ఒక తప్పు. పైగా అలాంటివి ప్లే స్టోర్‌లో దొరకవు, ఎవరో పంపిన ఏపీకే ఫైలుగా వస్తాయి. దాన్ని ఫోన్‌లో వేసేటప్పుడు మెసేజ్‌లు చదివే అనుమతి అడిగిందంటే, మీ బ్యాంకు ఓటీపీ కూడా దాని చేతిలో పడ్డట్టే. ఆ ఫోన్‌లోనే మీ జీతం ఖాతా ఉంది. మీ స్నేహితుడు ఇప్పటికే వేసుకుని ఉండి, ఖాతాలో తేడా కనిపిస్తే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

నెలవారీ పద్ధతిలో ఒక్కటే ప్రమాదం, ఆటోపే, అంటే గడువు తీరగానే ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ కావడం. నాకే జరిగింది: ఒక క్రీడల యాప్‌కు ఒక నెలకని కట్టి, ఆట అయిపోయాక మరిచిపోతే, అయిదు నెలల తర్వాత పాస్‌బుక్ చూసుకున్నప్పుడు గానీ తెలియలేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి, ఇచ్చారు కూడా, కాకపోతే అది లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య పడి ఉంది. అందుకే డబ్బు కట్టిన అయిదు నిమిషాల్లోనే యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి రద్దు చేస్తే సరిపోతుంది, కట్టిన నెల సాధారణంగా చివరిదాకా నడుస్తుంది. ఇప్పుడు మీ పేరున ఉన్న రెండు ఏడాది చందాలకూ ఆ పని ఈ రాత్రికే చేయండి, వాటి గడువు మాత్రం హాయిగా వాడుకోండి.