‘నీళ్లు రాకపోతే’నా, ‘నీళ్లు రానప్పుడు’నా?

సందేహం: మాది అనంతపురం. బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాల్లో ఉండే సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. మోటారును నడిపే ప్రోగ్రాం పక్కనే ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంటుంది. మొదటిది పనిచేస్తున్నంతసేపూ నియమం తప్పుతోందా అని రెండోది కాపలా కాస్తుంది. ఆ నియమాలను ముందు తెలుగులో రాసుకుని తర్వాత కోడ్‌లోకి మారుస్తాం. రైతులకూ అవే చూపిస్తాం. ‘నీళ్లు రాకపోతే మోటారు ఆగుతుంది’ అని నేను రాశాను. ‘నీళ్లు రానప్పుడు’ అనాలని మా సహోద్యోగి పట్టుబడుతున్నాడు. రెండూ ఒకటే కదా?

సమాధానం: ఒకటి కాదు. ఇక్కడ మీ మాటే సరైంది. అయితే మీ వాక్యమూ ఇంకా పూర్తి కాలేదు.

‘రానప్పుడు’ ఒక స్థితిని చెబుతుంది. ఏ క్షణంలో చూసినా నీళ్లు వస్తున్నాయా, లేదా అన్నదే దానికి లెక్క. మోటారు వేసిన మొదటి క్షణంలో పైపులో నీళ్లుండవు. అనంతపురం వైపు బోర్లు వందల అడుగుల లోతు. నీళ్లు పైకెక్కడానికి కాస్త సమయం పడుతుంది. మీ సహోద్యోగి నియమాన్ని యంత్రం అక్షరాలా పాటిస్తే, మోటారు వేసిన ప్రతిసారీ నీళ్లు పైకి రాకముందే ఆగిపోతుంది. రైతు మళ్లీ వేస్తాడు, అది మళ్లీ ఆగుతుంది.

‘రాకపోతే’ అలా కాదు. అందులో ఒక ఎదురుచూపు ఉంది. ‘పదింటికి బస్సు రాకపోతే ఆటోలో పోదాం’ అన్నప్పుడు పది దాటకుండా ఆ మాట తేలదు. రావలసింది, వచ్చే వేళ గడిచింది, అయినా రాలేదు: ఈ మూడూ కలిస్తేనే ‘రాకపోతే’. ఆ వేళ ఎంతో మనుషులకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ప్రోగ్రాంకు తెలియదు, మనమే చెప్పాలి. ‘మోటారు వేసిన 60 సెకన్ల లోపు నీళ్లు రాకపోతే’ అని రాయండి. 60 అన్నది ఉదాహరణకే. బోరు లోతును బట్టి మీరే నిర్ణయించుకోవాలి. ఇక్కడ ‘నిమిషంలో’ అని మాత్రం రాయకండి. ‘నిమిషంలో వస్తా’ అంటే నిమిషం దాటక ముందే వస్తాననీ, ఒక నిమిషం పోయాక వస్తాననీ రెండు విధాలా అర్థం చేసుకుంటాం. ‘లోపు’కు ఆ చిక్కు లేదు.

వస్తున్న నీళ్లు మధ్యలో ఆగిపోతే ఏం చేయాలన్నది వేరే నియమం. దాన్ని ఇదే వాక్యంలో ఇరికించవద్దు. ‘వస్తున్న నీళ్లు ఆగి, 10 సెకన్ల పాటు తిరిగి రాకపోతే’ అని విడిగా రాయండి. సబ్‌మెర్సిబుల్ మోటారు చుట్టూ పారే నీళ్లతోనే చల్లబడుతుంది కాబట్టి, ఈ రెండు వాక్యాల్లో ఏది తప్పినా కాలిపోయేది రైతు మోటారే.

‘-తే’ అన్న చేదర్థకం, అంటే షరతును చెప్పే ప్రత్యయం, గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘వానొస్తే విత్తనం వేద్దాం’ అన్న మాటలో వాన వస్తుందో రాదో తెలియదు. ‘తెల్లారితే పెళ్లి’ అన్నప్పుడు తెల్లారడంలో అనుమానమే లేదు. ఒకే ప్రత్యయం ఒకచోట షరతు, ఇంకోచోట కాలం. ‘కరెంటు వస్తే’ అని రాసేటప్పుడు మీ ఉద్దేశం రెండింటిలో ఏదో తేల్చుకోండి. కాలమే అయితే ‘కరెంటు వచ్చిన వెంటనే’ అనడం మేలు. మీ రైతులు ‘కరెంటు వస్తానే’ అంటారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. రైతులకిచ్చే కాగితంలో దాన్నే నిస్సంకోచంగా వాడండి. కోడ్‌కు మూలమయ్యే ప్రతిలో మాత్రం ఆ వెంటనే అన్నది ఎన్ని సెకన్లో పక్కన రాయాలి.

ఇక మీ వాక్యంలో అసలు లోపం చివర ఉంది. ‘ఆగుతుంది’ అంటే ఎప్పుడూ ఆగే స్వభావం ఉందనీ అవుతుంది, ఇకముందు ఆగబోతుందనీ అవుతుంది. తెలుగులో ఈ రెండింటికీ ఒకటే రూపం. మీకు కావలసింది ఈ రెండూ కాదు, ఆజ్ఞ. కాపలా ప్రోగ్రాం చేసే పనంతా జరిగినదాన్ని జరగవలసినదానితో పోల్చడమే. నమోదులో ‘ఆగింది’ ఉంటే నియమంలో ‘ఆగాలి’ ఉండాలి. అప్పుడే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలం. మెరుగుపరుద్దామని ‘ఆగి ఉండాలి’ అనకండి. ‘ఈపాటికి కర్నూలు బస్సు గుత్తి దాటి ఉండాలి’ అంటాం. అది ఊహే తప్ప నియమం కాదు.

మీ రంగంలో ఈ పట్టింపు కొత్తది కాదు. ప్రోగ్రాంల ప్రవర్తనను చెప్పడానికి కాలాన్ని పట్టించుకునే తర్కం కావాలని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమీర్ ప్నూలీ 1977లో ప్రతిపాదించాడు. 1996లో ఆయనకు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. ఎల్లప్పుడూ, ఎప్పటికైనా, అంతవరకు అనే మాటలకు ఆ తర్కంలో ఒక్కో గుర్తు ఉంటుంది. నడుస్తుండగా పరిశీలించే మీ పద్ధతి కూడా ఆ గుర్తుల మీదే చాలావరకు ఆధారపడుతుంది. ప్రోగ్రాం నడవగల దారులన్నిటినీ అది చూడదు, ఇప్పుడు నడుస్తున్న ఒక్క దారినే చూస్తుంది. అందుకే ‘ఎప్పటికైనా నీళ్లు రావాలి’ అన్న నియమం దానికి ఇచ్చి లాభం లేదు. ఎంతసేపు చూసినా అది తప్పిందని చెప్పే క్షణం రాదు. ఇంకాసేపట్లో రావచ్చు కదా!

ఇలాంటి కాపలా ప్రోగ్రాంలకు తప్పింది, నెరవేరింది అనే రెండు తీర్పులు చాలవనీ, ఇంకా తేలలేదన్న మూడోది కూడా ఉండాలనీ పరిశోధకులు గుర్తించారు. ఆ తేడా మన వాడుకలో హాయిగా ఇమిడిపోతుంది. గడువు ముగిశాక ‘రాలేదు’, గడువు నడుస్తుండగా ‘ఇంకా రాలేదు’. ‘రావు’ అన్నది మాత్రం కాపలా ప్రోగ్రాం ఎన్నడూ అనకూడని మాట. చూసినంత మేరకే అది చెప్పగలదు. మీ తెర మీద గడువు ముగియకముందే ‘నీళ్లు రాలేదు’ అని పడుతుంటే, ఆ ‘ఇంకా’ను ఈరోజే చేర్చండి. రైతు అనవసరంగా టెన్షన్ పడడు.

‘వరకు’ విషయంలోనూ జాగ్రత్త పడండి. ‘వాల్వు తెరుచుకునే వరకు మోటారు వేయకూడదు’ అన్న వాక్యం వాల్వు తెరుచుకుంటుందని మాట ఇవ్వడం లేదు. అది ఎన్నటికీ తెరుచుకోకపోయినా, మోటారు వేయకుండా ఉంటే నియమం నిలిచినట్టే. తెరుచుకోవడమూ తప్పనిసరి అయితే ఇంకో వాక్యం రాయాలి. ఒక పని ఎప్పటివరకు జరగాలో సరిచూసుకోకపోతే ఎంత నష్టమో 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియాన్-5 రాకెట్ తొలి ప్రయోగంలో తెలిసింది. నేల మీద దిశను సరిచూసే ఒక లెక్క, పైకి లేచాక కూడా కొన్ని సెకన్లు నడుస్తూనే ఉంది. అంతకుముందరి రాకెట్ ఏరియాన్-4కు పెట్టుకున్న ఆ ఏర్పాటు ఏరియాన్-5కు అవసరమే లేదు. ఆ లెక్కలో ఒక విలువ మరీ పెద్దదై, దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టలేదు. దిశ చెప్పే పరికరాలు పనిచేయడం మానేశాయి. ప్రయోగ క్రమం మొదలైన దాదాపు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైంది.

కాబట్టి మీ నియమం ఇలా ఉండాలి: ‘మోటారు వేసిన 60 సెకన్ల లోపు నీళ్లు రాకపోతే, ఆ తర్వాత 2 సెకన్ల లోపు మోటారు ఆగాలి.’ రెండో గడువు ఎందుకంటే, ఆగడానికీ కొంత సమయం పడుతుంది. అది చెప్పకపోతే మీ కాపలా ప్రోగ్రాం లేని తప్పు పట్టుకుంటుంది.

రైతు ఫోన్‌కు పంపే సందేశంలో ‘మోటారు ఆపబడింది’ అని రాస్తున్నారేమో, మానేయండి. అలా ఎవరూ మాట్లాడరు. పైగా ఎందుకు ఆగిందో అది చెప్పదు. ‘కరెంటు పోయి మోటారు ఆగిపోయింది’, ‘నీళ్లు రాక స్టార్టర్ మోటారును ఆపేసింది’. ఈ రెండు వాక్యాలను వేర్వేరుగా పంపండి. మొదటిది చదివిన రైతు కరెంటు కోసం చూస్తాడు, రెండోది చదివినవాడు బోరు దగ్గరికి వెళ్తాడు.