కారు కంటే దాన్ని తయారుచేసిన పద్ధతే ఎక్కువ మార్చింది

20వ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికన్ల జీవితాన్ని అన్నింటికన్నా ఎక్కువగా మార్చింది కారేనా అని మీరు అడిగారు. ఆ మాట తప్పు కాదు. కానీ డెట్రాయిట్ శివార్లలో కారు విడిభాగాల కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేస్తున్న నాకు, కారు కంటే దాన్ని తయారుచేసిన పద్ధతే మనుషులను ఎక్కువగా మార్చిందని అనిపిస్తుంది.

ఫోర్డ్ కంపెనీ కారు మోడల్ టి 1908లో పుట్టిన, డెట్రాయిట్‌లోని పికెట్ అవెన్యూ కర్మాగారం ఇప్పుడు మ్యూజియం. మూడంతస్తుల ఇటుక కట్టడం, చెక్క నేల, బారులు తీరిన కిటికీలతో అది పాతకాలపు బట్టల మిల్లులా కనిపిస్తుంది. అక్కడ కారు ఒకచోట నిలిచి ఉంటే పనివారే దాని దగ్గరికి వచ్చేవారు. అదే కంపెనీ 1910లో తెరిచిన హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913 నాటికి ఈ వరస తిరగబడి, మనిషి నిలబడిపోయి పనే అతని ముందుకు రావడం మొదలైంది. మొదట మాగ్నెటో (ఇంజన్‌లో నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తు పుట్టించే పరికరం) కూర్పుతో ప్రయత్నించారు. ఒక్కడే మొదటినుంచి చివరిదాకా చేస్తే సుమారు 20 నిమిషాలు పట్టే ఆ పనిని 29 మందికి పంచి, ఒకరి నుంచి ఒకరికి జరుపుకుంటూ పోయేసరికి ఒక్కోదానికి 13 నిమిషాల చిల్లర సరిపోయింది. ఛాసీ, అంటే కారు అడుగు చట్రం విషయంలోనైతే 12 గంటలు దాటే కూర్పు కొద్ది నెలల్లోనే సుమారు గంటన్నరకు దిగింది. మొదట్లో 850 డాలర్లున్న కారు 1920ల నడుమకు 300 లోపే దొరకడానికి ప్రధాన కారణం ఇదే.

లైన్ పక్కన నిలబడి ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కగట్టడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి, ఒకే బోల్టును బిగిస్తూ నిలబడ్డ మనిషి భోజన విరామం కోసం ఎలా ఎదురుచూస్తాడో నాకు తెలుసు. మేము పనివారిని షిఫ్టులో స్థానాలు మారుస్తూ ఉంటాము. ఆ రోజుల్లో ఆ ఊరట కూడా లేదు. జనం విసిగి మానేస్తూ ఉండడంతో, 1913లో సుమారు 14 వేల మందిని పనిలో ఉంచడానికి ఏడాది పొడవునా 52 వేల మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరి 5న ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనాన్ని చాలామంది యజమాని హెన్రీ ఫోర్డ్ ఔదార్యంగా చెబుతారు గానీ, ఈ లెక్క చూశాక నాకలా తోచదు.

పైగా కూలిని దాదాపు రెట్టింపు చేసి, పని గంటలను 9 నుంచి 8కి తగ్గించిన ఆ వేతనంలో సగం లాభాల వాటా, దానికి షరతులున్నాయి. కంపెనీ పంపిన తనిఖీదారులు పనివారి ఇళ్లకు వచ్చి, ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుడు అలవాటుందా, డబ్బు దాస్తున్నారా అని విచారించేవారు. స్త్రీ కార్మికులకు మొదట ఆ వాటాయే లేదు. వలస వచ్చినవారికి కంపెనీ ఇంగ్లీషు బడి పెట్టింది. దాని పట్టాల ప్రదానోత్సవంలో సొంత దేశపు దుస్తులతో వేదిక మీది పెద్ద కొప్పెరలోకి దిగినవారు అమెరికన్ సూట్లతో బయటికి వచ్చేవారు. ఉద్యోగం కోసం వేషభాషలను సర్దుకున్న వలసదారుడిగా, ఆ ఫొటోలను నేను నవ్వుతూ చూడలేకపోయాను.

కారు తానుగా తెచ్చిన మార్పులూ తక్కువేమీ కాదు. రైతులు మోడల్ టి వెనుక చక్రాన్ని జాకీతో లేపి, దానికి బెల్టు తగిలించి రంపం తిప్పుతూ కట్టెలు కోసుకునేవారు. డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బార్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అనే ఆరుబయటి మ్యూజియంలో ప్రయాణికుడిగా ఆ కారెక్కినప్పుడు చూశాను: ఎడమ పెడల్ గేరుకు, నడిమిది వెనక్కి పోవడానికి, కుడిది బ్రేకుకు, వేగం పెంచే మీట స్టీరింగ్ కింద ఉంది. ఇంజన్‌ను తిప్పే క్రాంకు అనే పిడిని చేత్తో తిప్పి స్టార్ట్ చేయబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నవారు అప్పట్లో ఎందరో. 1912 క్యాడిలాక్‌లో విద్యుత్ స్టార్టర్ వచ్చాక ఆ బెడద తగ్గి, స్త్రీలకు కూడా డ్రైవింగ్ సులువైంది.

ఇక అప్పుల సంగతి. జనరల్ మోటార్స్ 1919లోనే వాయిదాలపై కార్లు అమ్మడానికి ప్రత్యేక సంస్థను పెట్టింది. అప్పు ఇవ్వడం ఇష్టంలేని హెన్రీ ఫోర్డ్ 1923లో వారం వారం డబ్బు కట్టి, మొత్తం పూర్తయ్యాకే కారు తీసుకునే పథకం తెచ్చారు. కొనేవారికి కారు ముందు కావాలి, డబ్బు తర్వాత కట్టాలి. కనుక ఆ పథకం పెద్దగా సాగలేదు.