గ్రాఫిక్స్ కార్డు సంగతి తరవాత, ముందు కంప్యూటర్ని హాల్లోకి తెండి

మీ ఇంట్లో పదేళ్ళ కిందటి కంప్యూటర్, ఆరో తరగతి అబ్బాయి, కొత్త గేమ్స్ నడవట్లేదని వాడి ఏడుపు. తెరమీద బొమ్మల్ని వేగంగా నడిపించే గ్రాఫిక్స్ కార్డు కొనాలా, పాత గేమ్స్‌తో నెట్టుకొచ్చెయ్యొచ్చా అని అడిగారు. కొనకండి. ఎందుకంటారా, ముందు మా ఇంటి సంగతి వినాలి.

మాది విజయనగరం. నాన్న జూట్ మిల్లులో గుమస్తా. 2000లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మూసేసి సామాన్లు అమ్మేస్తుంటే, ఓ పెంటియం డబ్బాని వాయిదాల మీద పట్టుకొచ్చారు. 32 ఎంబీ ర్యామ్, 14 అంగుళాల మానిటర్. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర్నుంచి రిక్షాలో, మానిటర్ని చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. అమ్మ పాత చీర చింపి దానికి ముసుగు కుట్టింది. అంచు సరిగ్గా మానిటర్ నెత్తిమీదకొచ్చేట్టు కుట్టింది కూడాను. ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు హాల్లో ఒక్కటే ఉండేది కాబట్టి, అదీ హాల్లోనే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

దాంతోపాటు వచ్చిన ఫ్లాపీల డబ్బాలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే గేమ్ ఉంది. ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాకుమారుడు 60 నిమిషాల్లో 12 లెవెళ్ళు దాటి, పైన మేడలో ఉన్న రాజకుమారిని కాపాడాలి. టైమైపోతే అంతే. మాకు దొరికిన ఫ్లాపీతో పుస్తకం లేదు, చెప్పేవాళ్ళూ లేరు. మూడో లెవెల్ చేరాక కంట్రోల్, జీ కలిపి నొక్కితే ఆట సేవ్ అవుతుందని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది! అందుకని కూర్చున్న ప్రతిసారీ మొదట్నుంచే.

2001 వేసవి సెలవులకి మా అత్త కొడుకు, మా బావ, బొబ్బిలి నుంచి వచ్చాడు. కీబోర్డు ఒకటి, మేమిద్దరం. పంచుకున్నాం. బాణం గుర్తుల మీటలు నావి, షిఫ్ట్ ఆయనది. ఆ ఆటలో షిఫ్ట్ లేకపోతే ఏమీ లేదు. గోడ అంచు పట్టుకు వేలాడాలన్నా, మందు తాగాలన్నా, కత్తితో పొడవాలన్నా అదే. నేను దూకిస్తాను, గాల్లో ఉండగా ఆయన పట్టుకోవాలి. "బావా, నొక్కు!" అని నేనరవడం, ఆయన అరక్షణం ఆలస్యంగా నొక్కడం, రాకుమారుడు కిందున్న మేకుల మీద పడ్డం. వెనకాల మడతమంచం మీద మామ్మ గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ, "ఓలమ్మా, ఆ తెల్లగుడ్డలోడు మల్లా సచ్చిపోనాడేటి?" అనేది. ఆవిడకి సీరియల్ కంటే ఇదే బాగుండేది. ఎదురింటి ఇద్దరు గుంటలు గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. కోరల తలుపు మూసుకుని మనిషి రెండు ముక్కలయ్యే చోట అందరం ఒకేసారి ఊపిరి బిగబట్టేవాళ్ళం.

నెలన్నర పట్టింది పన్నెండో లెవెల్‌కి. అక్కడ మన నీడే ఎదురొస్తుంది కత్తి పట్టుకుని. దాన్ని కొడితే మన ప్రాణమే ఒక గీత తగ్గుతుంది. అది చస్తే మనమూ చస్తాం. మాకీ సంగతి అర్థం కాలేదు. ఆరేడు రోజులు అక్కడిదాకా వెళ్ళడం, దాన్ని పొడవడం, చావడం. బావ షిఫ్ట్ ఇంకా గట్టిగా కొట్టాలంటాడు, నేను వెనక్కి తగ్గుదామంటాను. ఒకరోజు మధ్యాహ్నం మామ్మకి విసుగొచ్చేసింది. "బువ్వ సల్లారిపోతంది. ఆ కత్తి అక్కడ పడేసి రండర్రా!" అని కేకేసింది. నాకు ఒళ్ళు మండి, పోనీ ఇదీ చూద్దాం అని కింది బాణం నొక్కాను. కత్తి ఒరలోకి పోయింది. నీడ కూడా దాని కత్తి దించేసింది. రెండడుగులు ముందుకేస్తే ఇద్దరూ ఒకటైపోయారు, తెర ఒక్కసారి మెరిసింది. అంతే, బావ షిఫ్ట్ వదిలేసి లేచి నిలబడ్డాడు.

ఆ నీడ కథ పెద్దయ్యాక చదివాను. ఆట తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి వీడియో తీసి, ఆ ఫ్రేముల మీద రాకుమారుడి బొమ్మలు గీశాడు. 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది ముందు. ఆ బొమ్మలకే మెమరీ నిండిపోయి ఇంకో శత్రువు బొమ్మకి చోటు లేకపోతే, రాకుమారుడి బొమ్మనే ఒక బిట్ పక్కకి జరిపి దానిమీదే కలిపి నీడగా నిలబెట్టాడు. చోటు చాలక పుట్టిన శత్రువండీ అది! ఇప్పుడు 100 జీబీ దాటిన గేమ్స్‌లో అలాంటి శత్రువు ఒక్కడుంటే చూపించండి.

తరవాతేమైందని అడుగుతారు. ఆ గది దాటితే నేల కనపడదు, అగాధమే. భయపడకుండా పరిగెడితే కాళ్ళ కింద పలకలు వాటంతటవే వస్తాయి. అదీ దాటేశాం. రాజకుమారిని బంధించిన మంత్రి జాఫర్ ఎదురుగా నిలబడ్డాం. రెండు నిమిషాలు మిగిలాయి. బావ మళ్ళీ షిఫ్ట్ మీద వేలు పెట్టాడు. కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు. "బువ్వకి రమ్మన్నానా," అంది మామ్మ.

ఇక మీ అబ్బాయి సంగతి. మావాడికీ అదే వయసు. తన గదిలో తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడతాడు. వెనకాల నిలబడ్డా తెలీదు. భోజనానికి పిలిస్తే వినపడదు, ఫోన్లో మెసేజ్ పెట్టాలి. ఎవరితో ఆడుతున్నావురా అంటే టీమ్ అంటాడు. ఆ టీమ్ ఏ దేశంలో ఉందో వాడికే తెలీదు. పోనీ ఆదివారం నాకూ నేర్పరా అని కూర్చుంటే అప్‌డేట్. అది దిగేసరికి పప్పు ఉడికి, పోపు పడి, మా ఆవిడ పిలుపూ అయిపోతుంది. దానిమీద అకౌంటు, పాస్‌వర్డు, ఓటీపీ. ఆడుకోడానికి కూడా ఓటీపీ ఏటండీ!

కొత్తవన్నీ చెత్తని అనను. స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలంపనుల గేమ్ 2016లో వచ్చింది, ఒక్కడే కూర్చుని చేశాడు దాన్ని. మీ పాత డబ్బా మీద హాయిగా నడుస్తుంది. తెరని రెండుగా చీల్చి ఇద్దరు ఆడొచ్చు, రెండోవాళ్ళకి ఒక కంట్రోలర్ కొనుక్కుంటే చాలు. విండోస్‌కి ముందు వాడిన డాస్ కోసం చేసిన పాత గేమ్స్‌కైతే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి, ఉచితం. 64 బిట్ విండోస్‌లో అవి నేరుగా తెరుచుకోవు, దానికి మీ కంప్యూటర్ పాడైందని కంగారుపడకండి. కొన్ని ఆటలు ప్రాసెసర్ వేగాన్ని పట్టుకుని పరిగెడతాయి. పిచ్చిపట్టినట్టు తిరుగుతుంటే కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కుతూ పొండి, నెమ్మదిస్తాయి. ఒకసారి డబ్బా విప్పి దుమ్ము కూడా దులపండి. మా డబ్బాలో కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లో ఎండిపోయిన బల్లి దొరికింది.

కానీ అన్నిటికంటే ముందు దాన్ని హాల్లోకి తెచ్చి పెట్టండి. వెనక ఓ కుర్చీ వెయ్యండి, ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. కార్డుకని దాచిన డబ్బులుంటే అందులోంచి కరెంటు పోయినా కాసేపు నడిపించే ఓ యూపీఎస్ కొనండి. బ్యాటరీ రెండు మూడేళ్ళకి పోతుంది, మార్పించండి. జాఫర్ దాకా వెళ్ళి వెనక్కొచ్చినవాణ్ణి, నా మాట వినండి.