పాఠకుల సందేహాలు: గుడి, వానకొలత, పిల్లలకోడి

ప్ర: "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అంటారు మా పెద్దవాళ్లు. చంద్రుడి చుట్టూ కట్టిన గుడిని చూసి రేపటి వాన చెప్పొచ్చా? (బాపట్ల)

జ: ముందు అది ఏ గుడో తేల్చుకోండి. చెయ్యి చాచి, వేళ్లు బార్లా తెరిచి, బొటనవేలి కొసతో చందమామను మూయండి. చిటికెనవేలి కొస దగ్గర వలయం ఉంటే అది దూరపు గుడి. దాని వ్యాసార్ధం సుమారు 22 డిగ్రీలు. బాగా ఎత్తున పరుచుకున్న పల్చటి మబ్బులోని మంచు పలుకుల్లో వెన్నెల వంగడం వల్ల ఏర్పడుతుంది. చంద్రుణ్ని ఆనుకుని రెండు మూడు వేళ్ల మందాన కనిపించేది దగ్గర గుడి, అది సన్నటి నీటి తుంపరల పని. చెయ్యి చాచి కొలవకపోయినా ఎరుపు ఎటుందో చూస్తే చాలు: దూరపు గుడికి లోపలి అంచున, దగ్గర గుడికి బయటి అంచున.

ఆశ్వయుజ, కార్తీకాల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆ పల్చటి మబ్బు వందల కిలోమీటర్లు ముందే వచ్చేస్తుంది. అందుకని సామెత మొదటి సగంలో పస ఉంది. అయితే ఎక్కడో కురిసి వెలిసిన ఉరుముల మబ్బు మిగులు కూడా అచ్చం ఇలాగే గుడి కడుతుంది. గుడి కట్టిన మర్నాడు మబ్బు చిక్కబడి, గాలి పీడనం నిన్న ఇదే గంటకు ఉన్నదానికన్నా 2, 3 హెక్టోపాస్కల్స్ తగ్గితే అప్పుడు గొడుగు తీయండి. ఫోన్‌లో బారోమీటరు ఉంటే అది చాలు. ఉదయం 10 గంటల అంకెను సాయంత్రం 4 గంటల అంకెతో మాత్రం పోల్చకండి. మన ప్రాంతంలో ఎండ కాసే రోజు కూడా ఆ మధ్యలో 3, 4 హెక్టోపాస్కల్స్ పడుతుంది. ఇక దగ్గర గుడి మాట పట్టించుకోనక్కర్లేదు.

ప్ర: డాబా మీద బకెట్ పెట్టి వాన కొలుస్తున్నాను. పేపర్లో వేసే అంకెతో ఎప్పుడూ కలవదు. (కరీంనగర్)

జ: బకెట్ అడుగు సన్నం, మూతి వెడల్పు. అందుకే నీటి ఎత్తు స్కేలుతో కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. లోపలి వ్యాసం 16 సెంటీమీటర్లు ఉండి, అంచు నిట్టనిలువుగా లేచిన గరాటు తెచ్చి, సీసా మూతిలో బిగించండి. అంచు వాలుగా ఉంటే చినుకులు ఎగిరి బయట పడతాయి. ఈ గరాటుకు 20 మిల్లీలీటర్ల నీరు అంటే 1 మిల్లీమీటరు వాన. మందుల షాపులో దొరికే సిరంజీతో కొలవండి: 340 మిల్లీలీటర్లు వస్తే 17 మిల్లీమీటర్లు. డాబా మీద పిట్టగోడ దగ్గర గాలి సుడి తిరిగి చినుకులను పక్కకు నెడుతుంది. నేల మీద, అంచు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా, గోడకో చెట్టుకో దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో పెట్టండి. వాతావరణ శాఖ లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు, రాసేది ఆ మర్నాటి తేదీ కింద. ఇంత చేసినా అచ్చంగా కలవదు లెండి, వీధికో రకంగా కురిసే వాన మనది.

ప్ర: కార్తీక పున్నమి రాత్రి పిల్లలకోడి కోసం చూస్తే సరిగా కనబడలేదు. బైనాక్యులర్స్ కూడా మసకబారాయి. (కర్నూలు)

జ: పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర నిలుస్తాడు కాబట్టే ఆ నెల కార్తీకం. పిల్లలకోడి అంటే ఆ కృత్తికలే, ఆ వెన్నెల్లో మునిగిపోతాయి. చంద్రోదయం రోజుకు ముప్పావు గంట పైగా ఆలస్యమవుతుంది. పున్నమి దాటిన నాలుగైదు రోజులకు, రాత్రి ఏడున్నర ఎనిమిది మధ్య తూర్పున చూడండి. ఎర్రగా మెరిసే రోహిణికి పైన పిడికిలిన్నర దూరంలో చిన్న గుత్తి. కంటికి ఆరు చుక్కలు అందితే మీ ఊరి ఆకాశం బాగున్నట్టే.

మసకకు కారణం మంచు. గాలి లేని నిర్మలమైన రాత్రి అద్దం తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, తేమ దాని మీద పేరుకుంటుంది. నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి, అద్దం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ముందుకు పొడుచుకొచ్చేలా రబ్బరు బ్యాండుతో బిగించండి. ఏసీ గదిలోంచి తెచ్చినవైతే అరగంట సంచిలోనే ఉంచి తర్వాత తీయండి. మంచు పట్టాక కండువాతో తుడవొద్దు, దుమ్ముతో గీతలు పడతాయి. హెయిర్ డ్రయ్యర్ గాలి తక్కువ వేడి మీద, జానెడు దూరం నుంచి అర నిమిషం పట్టండి.